మైలుతుత్తంలో ముంచిన కత్తి - పదో తరగతి లోహాల పాఠం మీద నా కేస్ స్టడీ

పోయినేడు పదో తరగతికి లోహాల పాఠం చెప్పేటప్పుడు జరిగిందంతా ఒకచోట రాసి పెట్టాలని అప్పుడే అనుకున్నా, కానీ పేపర్లు దిద్దడం, స్పెషల్ క్లాసులు, ఆ తర్వాత రిజల్ట్స్ టెన్షన్, ఇట్ల ఇప్పటిదాకా సాగింది. ఫిజికల్ సైన్స్ చెప్పే వాళ్లెవరైనా చదువుతారని రాస్తున్నా కాబట్టి బాగా కుదిరినవే కాదు, నేను చేసిన తప్పులు కూడా రాస్తా, అందులో ఒకటి ఇప్పటికీ తలుచుకుంటే కడుపులో దేవుతాది.

మా స్కూలు అనంతపురం నుంచి గుత్తి పోయే రోడ్డులో, గార్లదిన్నె దాటినాక మెయిన్ రోడ్డు దిగి లోపలికి పోతే వస్తుంది. చుట్టూ చీనీ (బత్తాయి) తోటలు, వాన పడితే వేరుశనగ. క్లాసులో 36 మంది. వీళ్లు ఎనిమిదో తరగతిలోనే లోహాలు అలోహాలు చదివేసినారు, స్తరణీయత అంటే రేకులుగా సాగడం, తాంతవత అంటే తీగలుగా సాగడం, అడిగితే నిద్రలో లేపినా చెప్తారు. చర్యాశీలత శ్రేణి, అంటే ఏ లోహం ఎక్కువ చురుకో చెప్పే వరస, అది కూడా పొటాషియం నుంచి బంగారం దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తారు. సరే, పునాది ఉంది, సంగ్రహణం, అంటే రాయి నుంచి లోహం తీయడం, తొందరగా అయిపోతుంది, నాలుగు పీరియడ్లు చాలు అనుకున్నా.

అయినా అలవాటు కొద్దీ ముందు ఒక చిన్న పరీక్ష పెట్టినా, మార్కులు లేవు, పేరు కూడా రాయక్కర్లేదు. మూడే ప్రశ్నలు. ఓబుళాపురం ఎర్ర రాయిని (ఇనుము ఉండే రాయి) బొగ్గు గిగ్గు ఏమీ కలపకుండా ఒట్టిగా బాగా కాలిస్తే ఏమొస్తుంది? పాత సిల్వర్ గిన్నె కరిగించి కొత్త గిన్నె చేయడానికీ, బాక్సైట్ రాయి (అల్యూమినియం తీసేది) నుంచి గిన్నె చేయడానికీ తేడా ఏంది? ఇనుమును బొగ్గుతో తీస్తారు గదా, అల్యూమినియంను ఎందుకు తీయరు?

36 మందిలో 29 మంది మొదటి దానికి "ఇనుము కరిగి కారుతుంది" అని రాసినారు. రెండో దానికి చాలామంది "తేడా లేదు, రెండూ కరిగించడమే" అన్నారు, ఒకరు మాత్రం "పాత గిన్నెలో మసి ఉంటుంది" అని రాసినారు, అది తప్పు కూడా కాదనుకోండి. మూడో దానికి సగం మంది ఖాళీ వదిలేసినారు. ఇంకొకరు సిల్వర్ గిన్నె అంటే వెండి గిన్నె అనుకుని, వెండి ఖరీదు ఎక్కువ కాబట్టి కరిగించకూడదు అని సలహా ఇచ్చినారు. నవ్వొచ్చింది గానీ తప్పు నాదే, మనమే అల్యూమినియంను ఇంట్లో సిల్వర్ అంటాం, కొందరు సత్తు అంటారు, పుస్తకంలో మాత్రం అల్యూమినియం, మూడూ ఒకటేనని పిల్లలకు ఎవరు చెప్పినారు?

ఆ పేపర్లు ముందేసుకుని కూచుంటే అర్థమైంది ఏమంటే, వీళ్లకు శ్రేణి రాక కాదు. వీళ్ల మనసులో లోహం అంటే రాయి లోపల దాక్కుని ఉండేది, వేడి చేస్తే మంచుగడ్డ కరిగినట్టు కరిగి బయటికొచ్చేది. అంటే కరగడం, విడిపోవడం రెండూ వీళ్లకు ఒకటే. ఇది ఊరికే పుట్టిన ఊహ కూడా కాదు. మా జిల్లా పిల్లలు రామగిరి బంగారు గనుల గురించి విని ఉంటారు, పైన జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పక్క తొలకరి పడగానే జనం చేలల్లో తలకాయ వంచుకుని వజ్రాలు వెతికేది టీవీలో చూసి ఉంటారు. బంగారం నిజంగానే రాయిలో బంగారంగానే ఉంటుంది, ఇంకో మూలకంతో పెద్దగా కలవదు, టన్ను రాయికి కొన్ని గ్రాములే అయినా అది లోహంగానే ఉంటుంది. అంత సన్నటి రేణువులను పట్టుకోవడానికి సైనైడ్ ద్రావణం వాడాల్సి వస్తుంది, అది వేరే కథ. కాబట్టి బంగారం వరకు పిల్లల లెక్క దాదాపు కరెక్టే, దాన్నే ఇనుముకూ, రాగికీ అతికించినారు, అంతే. కానీ అవి రాయిలో ఎక్కువగా ఆక్సిజన్ లాంటి వేరే మూలకాలతో కలిసి ఉంటాయి, కరిగిస్తే చాలదు, విడదీయాలి.

ఇంకో చిక్కు మన తెలుగుదే. పుస్తకంలో లోహం తుప్పు పట్టడాన్ని క్షయం అంటాం, లోహక్షయం. ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్ తీసేయడాన్ని క్షయకరణం అంటాం. వినడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, పని మాత్రం ఒకదానికొకటి ఎదురు. తుప్పు పట్టడం అంటే ఇనుము ఆక్సిజన్‌ను పట్టుకోవడం, క్షయకరణం అంటే పట్టుకున్న ఆక్సిజన్‌ను వదిలించడం. ఒక పాప నోటుబుక్కులో "క్షయకరణం వల్ల గేటు తుప్పు పట్టింది" అని రాసింటే నేను ముందు ఎర్ర గీత కొట్టినా, తర్వాత ఆలోచిస్తే ఆ పాప చేసిన దాంట్లో తప్పేముంది, భాష చెప్పినట్టే విన్నది. పైగా ఊర్లో క్షయ అంటే టీబీ. ఆ రోజు నుంచి నేను క్లాసులో క్షయకరణం అనే ముందు ప్రతిసారీ "ఆక్సిజన్ వదిలించడం" అని చెప్పి, ఆ తర్వాతే పుస్తకం మాట చెప్తున్నా. ఎగ్జామ్‌లో పుస్తకం మాటే రాయాలి, అది తప్పదు.

మొదటి ప్రయత్నం ఫెయిల్. కాపర్ ఆక్సైడ్, బొగ్గుపొడి కలిపి పరీక్షనాళికలో పోసి స్పిరిట్ దీపం మీద పెట్టినా. పది నిమిషాలు, పదిహేను నిమిషాలు, నల్లపొడి నల్లగానే ఉంది. ఇంకా వేడి చేస్తే నాళిక అడుగు మెత్తబడి ఒక పక్కకు వంగి, తీసి స్టాండులో పెట్టగానే టప్పుమని పగిలింది. వెనక బెంచీలో ఒకడు "మేడం, గాజు కరిగింది, రాగి రాలా" అన్నాడు, క్లాసంతా నవ్వు. నేనూ నవ్వినా గానీ లోపల మండింది. స్పిరిట్ దీపం మంట ఆ పనికి చాలదని ముందే తెలిసుండాల్సింది, బుక్కులో ఉన్న ప్రయోగాన్ని ఇంట్లో ఒకసారి చేసి చూసుకోకుండా క్లాసులో చేయకూడదని కొత్తగా వచ్చిన టీచర్లకు చెప్పే నేనే ఆ పని చేసినా.

మరుసటి రోజు ఆ కోపంలోనే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ద్రావణంలో ఇనుప మేకు వేసే పాత ప్రయోగం చూపిస్తున్నా. అందరికీ తెలిసిందే, మేకు మీద ఎర్రగా రాగి పేరుకుంటుంది, నీలం రంగు మెల్లగా పలచబడుతుంది. నేను ఇంకా మొదలుపెట్టకముందే కిటికీ పక్కన కూచునే పిల్లోడు, ఎప్పుడూ నోరు విప్పనోడు, "మేడం, మా నాయన కత్తి ముంచి చూస్తాడు" అన్నాడు. ఏం కత్తి, ఎక్కడ ముంచుతాడు అని అడిగితే నిదానంగా చెప్పినాడు. చీనీ చెట్లకు బంక కారే తెగులు వస్తే బోర్డో మిశ్రమం కలుపుతారు, కేజీ మైలుతుత్తం 50 లీటర్ల నీళ్లలో, కేజీ సున్నం ఇంకో 50 లీటర్లలో, ఇనుప బకెట్టు వాడకూడదు, ప్లాస్టిక్ డ్రమ్ములే. రెండూ కలిపినాక తళతళలాడే కత్తిని ఒక నిమిషం అందులో పెట్టి తీస్తాడంట. కత్తికి ఎర్రగా పూత పట్టిందంటే సున్నం చాలలేదని లెక్క, ఇంకొంచెం సున్నం పోస్తాడు. పట్టకపోతే చెట్లకు కొట్టొచ్చు.

"ఎర్రగా పట్టేది ఏంది రా" అని అడిగినా. "తుప్పు మేడం." తోట ఉన్న ఇంకో నలుగురు కూడా తుప్పే అన్నారు. అంత బాగా కత్తిపరీక్ష చేసే వాళ్లింట్లో అది తుప్పనుకుంటున్నారు, చూడండి. అక్కడే ఒక కత్తి తెప్పించి, అటెండర్ కూరగాయల కత్తే, ఉప్పుకాగితంతో రుద్ది ద్రావణంలో ముంచినాం. ఎర్ర పూతను గుడ్డతో రుద్ది, పక్కన రాగి వైరు ముక్క పెట్టి చూపించినా, రెండూ ఒకే రంగు, రుద్దితే మెరుస్తుంది. తుప్పు రుద్దితే మెరవదు, పొడిపొడిగా రాలుతుంది. నీళ్లలో కలిసిపోయిన రాగి ఇప్పుడు లోహమై కత్తి మీద కూచుంది, దాని బదులు కత్తిలోని ఇనుము నీళ్లలోకి దిగింది. సున్నం చాలినంత పడితే రాగి సున్నంతో చర్య జరిపి నీళ్లలో కరగని పదార్థంగా మారిపోతుంది, కత్తికి అందే స్వేచ్ఛగా ఉండే రాగి ఉండదు. ఆ మిగిలిపోయే రాగే ఆకును మాడ్చేది, అందుకే ఆ పరీక్ష. ఇనుప బకెట్టు ఎందుకు వద్దో ఇంక ఎవరూ అడగలా, వాళ్లే చెప్పుకున్నారు, బకెట్టు మైలుతుత్తాన్ని తినేస్తుంది, మైలుతుత్తం బకెట్టును తినేస్తుంది.

శ్రేణి అంటే ఎవరు ఎవర్ని నెట్టేస్తారు అనే వరస, అంతే కదా, కానీ అది వాళ్ల తోటలోంచి వచ్చినాకే క్లాసులో పట్టుబడింది. ఆ పిల్లోడు ఇంటికి పోయి వాళ్ల నాయనతో అది తుప్పు కాదు రాగి అని వాదించినాడంట, నాయన ఒప్పుకోలేదంట.

ఇంక రాగి తీసే పని మిగిలింది. మా ఊర్లో ఒక కొలిమి ఇంకా నడుస్తోంది, తిత్తి పోయి కరెంటు బ్లోయర్ వచ్చింది గానీ బొగ్గు, దాగలి, పట్టకారు అన్నీ అవే. పోయి అడిగితే "రాండమ్మా, పిల్లల్ని దూరంగా నిలబెట్టుకుంటే చాలు" అన్నాడు ఆచారి. నేను ముందు ఇంటి దగ్గర నల్లపొడి తయారు చేసుకున్నా, ఈసారి బుద్ధొచ్చి. 100 గ్రాముల మైలుతుత్తం నీళ్లలో కరిగించి చాకలి సోడా ద్రావణం కొంచెం కొంచెంగా పోస్తే నురుగొచ్చి పచ్చగా, నీలంగా పెరుగులాంటిది అడుక్కు దిగుతుంది, అది కాపర్ కార్బొనేట్. పాత పంచె గుడ్డలో వడగట్టి, నాలుగుసార్లు కడిగి, ఎండబెట్టి, మట్టి మూకుట్లో వేయిస్తే పచ్చపొడి మన కళ్లముందే నల్లబడుతుంది. అదే కాపర్ ఆక్సైడ్. లెక్క ప్రకారం 100 గ్రాముల మైలుతుత్తంలో రాగి 25 గ్రాములే, మిగతాది సల్ఫేటు, నీళ్లు. ఈ లెక్క పిల్లలతోనే చేయించినా.

కంసాలులు వాడే మూసలు రెండు అనంతపురం పాతవూర్లో కొన్నాను. నల్లపొడిని రెండు భాగాలు చేసి, ఒకదాంట్లో బొగ్గుపొడి కలిపి పైన కూడా బొగ్గే కప్పినా, రెండోదాంట్లో ఒట్టి నల్లపొడి. రెండింటికీ మూతపెట్టి మట్టితో మెత్తినాం. ఈ కేస్ స్టడీలో నేను చేసిన ఒక్క తెలివైన పని ఏదైనా ఉందంటే ఆ రెండో మూస. ఎందుకంటే పిల్లల నమ్మకం కరిగిస్తే చాలని, కాబట్టి బొగ్గు లేకుండా అంతే వేడిచేసినది పక్కనే కనపడాలి.

కొలిమిలో మంట రంగు చూసి ఆచారి చెప్తూనే ఉన్నాడు, ఇది ఎరుపు, ఇది పండు రంగు, ఇంకా పసుపు తిరగాల. రాగి కరిగేది 1085 డిగ్రీల దగ్గర, ఆయనకు డిగ్రీలతో పని లేదు. దాదాపు అరగంట పట్టింది. తీసి, చల్లారబెట్టి, పగలగొట్టినాం. బొగ్గు వేసిన మూసలో మసి మధ్య ఎర్రటి గుండ్లు, చాలావరకు ఆవగింజలంత, ఒకటి మాత్రం శనగగింజంత. రెండో మూస పగలగొట్టగానే పిల్లలు "ఇందులో కూడా వచ్చింది" అని అరిచినారు, ఎందుకంటే లోపల గడ్డకట్టి అక్కడక్కడ ఎర్రగా ఉంది. నాకు ఒక్క క్షణం గుండె ఆగింది, ఇంత కష్టపడి తప్పు రుజువు చేసినామా అని. అప్పుడు గుర్తొచ్చింది, కాపర్ ఆక్సైడ్‌ను వెయ్యి డిగ్రీలు దాటి కాలిస్తే కొంత ఆక్సిజన్ వదిలి ఇంకో రకం ఆక్సైడ్ అయితాది, అది ఎర్రగా ఉంటుంది. ఎర్రగా ఉన్నదంతా రాగి కాదు. ఎట్ల తేల్చాలి?

ఆచారే తేల్చినాడు, ఏమీ తెలియకుండానే. "దెబ్బేస్తే తెలుస్తాది గదమ్మా" అని శనగగింజను దాగలి మీద పెట్టి సుత్తితో కొట్టినాడు, అది చదునుగా రూపాయి బిళ్లంత సాగింది. రెండో మూసలోని ఎర్ర గడ్డను కొట్టినాడు, చిట్లి పొడైపోయింది. స్తరణీయత అనే మాట రెండేళ్లుగా బట్టీ పట్టినోళ్లకు అది దేనికి పనికొస్తుందో ఆ రెండు దెబ్బలతో తెలిసింది. ఇంతకుముందు నేను చెప్పేటప్పుడు లోహ ధర్మాలు ఒక పాఠం, లోహ సంగ్రహణం ఇంకో పాఠం.

గుండ్లన్నీ ఏరి స్కూల్లో త్రాసు మీద పెడితే 7 గ్రాములు వచ్చింది. బొగ్గు మూసలో వేసింది సగం పొడే కాబట్టి పన్నెండున్నర రావాలి. మిగతాది ఏమైంది మేడం అని పట్టుకున్నారు. కడిగేటప్పుడు కొంత పోయింది, మూసకు అంటుకుంది కొంత, మసిలో కనపడకుండా ఉంది కొంత. ఫ్యాక్టరీలో కూడా ఈ పోయేదాంతోనే పోరాటం, అందుకే లోహమలం (కరిగి పక్కకు పోయే మలినం) అనీ, ద్రవకారి (మలినాన్ని విడదీయడానికి కలిపేది) అనీ పాఠంలో అన్ని మాటలు.

కొలిమి దగ్గర ఇంకో సంగతి కూడా దొరికింది. కొడవళ్లకు ఇనుము ఎక్కడ కొంటావన్నా అని ఒక పాప అడిగితే, లారీల కమాన్ పట్టీలు పాత సామాన్ల అంగట్లో తెచ్చుకుంటా అన్నాడు. కొత్త ఇనుప కడ్డీ అయితే పదును నిలవదంట. కరెక్టే, కమాన్ పట్టీ స్టీల్‌లో కార్బన్ ఇంటి కడ్డీ కంటే ఎక్కువ, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. రీసైక్లింగ్ అనే మాట వినకుండానే తరతరాలుగా చేస్తున్నారు.

అల్యూమినియం దగ్గర ప్రయోగం కుదరదు, కాబట్టి ఇంటి కరెంటు బిల్లు పట్టుకున్నా. బొగ్గు ఆక్సిజన్‌ను రాగి దగ్గర నుంచి సులువుగా లాక్కుంటుంది, ఇనుము దగ్గర నుంచి బ్లాస్ట్ ఫర్నేసులో కార్బన్ మోనాక్సైడ్ రూపంలో లాక్కుంటుంది, అల్యూమినియం దగ్గర మాత్రం బొగ్గు పప్పులు ఉడకవు. అల్యూమినియంకు ఆక్సిజన్ మీద అంత పట్టు. అందుకే కరెంటు. అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) ఒట్టిగా కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి, దాన్ని కరిగిన ఇంకో ఖనిజం క్రయోలైట్‌లో కలిపితే 950 డిగ్రీల చుట్టుపక్కలే పని జరుగుతుంది. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో హెరౌల్ట్ ఒకరికొకరు తెలియకుండా ఇది కనుక్కున్నారు, ఇద్దరికీ అప్పుడు నిండా పాతికేళ్లు లేవు, దానికి ముందు అల్యూమినియం ఎంత ఖరీదంటే 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభం కొనకు దాన్ని గొప్పగా తొడిగినారు. మా ఇంట్లో దాంట్లో పాలు కాస్తాం మేడం అని ఒక పాప.

ఒక కేజీ అల్యూమినియం తీయడానికి సుమారు 14 యూనిట్ల కరెంటు కావాలి. 75 వాట్ల ఫ్యాను ఎన్ని గంటలు తిరుగుతుంది అని లెక్క వేయమంటే దాదాపు 187 గంటలు, అంటే పగలూ రాత్రీ ఆపకుండా వారం దాటి. అదే పాత గిన్నె కరిగించి చేస్తే రాయి నుంచి తీసే శక్తిలో 5 శాతం చాలు. ఎందుకు అని అడిగినా. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత ముందు బెంచీలో నుంచి కాదు, మధ్యలో నుంచి ఒక గొంతు, "గిన్నెలో ఆక్సిజన్ లేదు గదా మేడం, ముందే వదిలించేసినారు, కరిగిస్తే చాలు." నేను అప్పటిదాకా ఈ ముక్క నా నోటితో చెప్పలేదు, చెప్పాలని నోట్స్‌లో రాసుకున్నా. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గర, కొలిమిలో రాగి కరిగిన వేడి కంటే చాలా తక్కువ.

ఇక్కడికి అంతా బాగానే పోతోందని రాసుంటే ఈ రాత అబద్ధం అయ్యుండేది.

కొలిమి అయిన వారానికి ఒక తండ్రి స్కూలుకొచ్చినాడు. వాళ్ల పిల్లోడు పాడుబడిన మోటారు కేబులు ముక్కలు పోగేసి, దొడ్లో మంట పెట్టి రాగి తీయబోయినాడంట, పొగకు కళ్లు వాచి, రాత్రంతా దగ్గు, ఆసుపత్రికి తీసుకుపోవాల్సి వచ్చింది. "మేడమే చెప్పింది మంటలో పెడితే రాగి వస్తాదని" అన్నాడంట. నేను అట్ల చెప్పలేదు. కానీ కొలిమి దగ్గర నేను అన్నది ఇదీ: "రాగికి మంటలో ఏం కాదు, చూడండి". వాడు విన్నది అదే. కేబులు మీద ఉండేది పీవీసీ, అందులో క్లోరిన్ ఉంటుంది, కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, అది గొంతులో తడి తగలగానే ఆమ్లమే, దానికి తోడు డయాక్సిన్లు అనే విషాలు. పాఠంలో ఈ ముక్క ఎక్కడా లేదు, నేనూ చెప్పలేదు. రాగి ఎట్ల తీయాలో గంటల కొద్దీ చెప్పి, ఎట్ల తీయకూడదో ఒక్క నిమిషం చెప్పలేదు. ఆ తండ్రి గట్టిగా ఏమీ అనలేదు, అని ఉంటే కొంచెం తేలికయ్యేది. పిల్లోడు నాలుగు రోజులకు తేరుకున్నాడు.

క్లాసులో చెప్పినా, బోర్డు మీద రాసినా, కానీ ఇట్లాంటివి టీచరు చెప్తే ఎంత వింటారో మనకు తెలుసు. అప్పుడు పాత సామాన్ల అంగడికి తీసుకుపోయినా, పది మందిని మాత్రమే, తల్లిదండ్రుల చీటీలు తీసుకుని. అంగడి భాయ్ నాకు ముందే పరిచయం, మా ల్యాబ్ పాత స్టాండ్లు అమ్మినాం ఒకసారి. ఆయన చేతిలో ఒక అయస్కాంతం, తాడుకు కట్టి, ఏది వచ్చినా ముందు దానికి తాకిస్తాడు. ఇనుము అతుక్కుంటుంది, పక్కకు. స్టీల్ గ్లాసు ఒకటి అతుక్కోలేదు, పిల్లలు ఇది ఇనుము కాదా అని. ఇనుమే ఎక్కువ, క్రోమియం కలిసింది, కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీల్‌లో నికెల్ కూడా కలవడంతో అయస్కాంతానికి అతుక్కోదు అని నేను చెప్తుంటే భాయ్ "అదే మేడం, అతుక్కోని స్టీల్‌కే రేటు ఎక్కువ" అన్నాడు. నికెల్ ఖరీదు అని నేను, రేటు ఎక్కువ అని ఆయన, ఇద్దరం ఒకటే చెప్తున్నాం.

అల్యూమినియంలో కూడా గిన్నెలు వేరే, వైర్లు వేరే, బండి ఇంజన్ ముక్కలు వేరే సంచుల్లో. పోత పోసిన ఇంజన్ ముక్కల్లో సిలికాన్ కలిసి ఉంటుంది, అన్నీ ఒకేసారి కరిగిస్తే గిన్నెకు పనికొచ్చే లోహం రాదు. అంటే ఒకసారి ఆక్సిజన్ వదిలించినాక కూడా సమస్య అయిపోలేదు, ఇంకో మూలకం కలిస్తే దాన్ని విడిపించడం మళ్లీ కష్టమే. ఇది నేను క్లాసులో చెప్పని సంగతి, ఆ సంచులే చెప్పినాయి. పాత బ్యాటరీలు మాత్రం ఆయన పిల్లల్ని ముట్టుకోనియ్యలేదు, లోపల సీసం, ఆమ్లం, పగలగొట్టకుండా లైసెన్సు ఉన్నోళ్లకే పంపాల అన్నాడు.

కేబుల్ పిల్లోడు కూడా వచ్చినాడు ఆ పదిమందిలో, నేనే పిలిచినా. భాయ్‌ను అడిగినా, కాల్చిన రాగి తెస్తే ఏం చేస్తారని. "తీసుకుంటాం, రేటు తగ్గించి. నల్లబడి ఉంటాది, మెరిసే రాగికి వచ్చినంత రాదు. తోలు ఒలిచి తెస్తే మంచి రేటు." ఆ పిల్లోడి మొహం చూడాల్సింది. నేను చెప్పిన క్లోరిన్, డయాక్సిన్లు అన్నీ కలిసినా ఆ ఒక్క మాటంత పని చేయలేదు. సిగ్గుపడాలో సంతోషపడాలో తెలీలేదు నాకు.

నెల తర్వాత అవే మూడు ప్రశ్నలు, అట్లే పేరు లేకుండా. ఎర్ర రాయి ప్రశ్నకు "ఇనుము కరిగి కారుతుంది" అన్నవాళ్లు 29 నుంచి 8కి దిగినారు. గిన్నె ప్రశ్నకు చాలామంది ఆక్సిజన్ మాట రాసినారు. మూడోది మాత్రం ఇప్పటికీ 14 మందికి తేలలేదు, "అల్యూమినియం కరిగితే బొగ్గు కాలిపోతుంది" లాంటివి ఉన్నాయి. కరగడం ఇంకా వదల్లేదు వాళ్లను. ఒక విషయం దాచకూడదు, అవే ప్రశ్నలు రెండోసారి చూడటం వల్ల కూడా కొంత మెరుగై ఉంటుంది, ఇదంతా కొలిమి మహిమ అని నేను చెప్పలేను. చేతిరాత బట్టి చూస్తే క్లాసు ఫస్టు పిల్ల ఆ 14 మందిలో ఉంది, శ్రేణి అక్షరం పొల్లు పోకుండా రాసింది, కింద అల్యూమినియంను బొగ్గుతో క్షయకరణం చేస్తారు అని కూడా రాసింది.

ఈ ఏడు వరస మార్చినా. ముందు పాత సామాన్ల అంగడి, తర్వాత కత్తి, ఆ తర్వాతే కొలిమి. కరిగిస్తే చాలే లోహాలను మొదట చూసినాక, ఒట్టిగా కరిగిస్తే లోహం రాని రాయిని తెస్తే ఆ తేడా వాళ్లే అడుగుతారని ఆశ. మంగంపేట ముగ్గురాయి ముక్క కూడా ఒకటి సంపాదించినా, ఎత్తి చూస్తే మామూలు రాయి కంటే బరువు, బేరియం ఉంది అందులో, కానీ దాన్ని తవ్వేది బేరియం లోహం కోసం కాదు, ఎక్కువగా ఆయిల్ బావుల డ్రిల్లింగ్ బురదలో కలపడానికి. ఖనిజం వేరు, లోహం తీయడానికి పనికొచ్చే ముడిఖనిజం వేరు అని చెప్పడానికి మన రాయలసీమ నుంచే ఉదాహరణ దొరికితే పుస్తకంలోది ఎందుకు? స్పిరిట్ దీపం ప్రయోగం ఎత్తేసినా. కేబుల్ గురించి మొదటి రోజే చెప్తున్నా, భాయ్ మాటతో కలిపి.

పోయినేడు కత్తి ప్రయోగాల తర్వాత ఒక బకెట్టు నిండా నీలం నీళ్లు మిగిలినాయి. అటెండర్ కాలువలో పారబోస్తానంటే పిల్లలే ఆపినారు, తుప్పు పట్టిన మేకులు, బెంచీల విరిగిన బోల్టులు అన్నీ రుద్ది రుద్ది అందులో వేసినారు. నాలుగు రోజులకు నీలం పోయి లేత పచ్చ రంగు తిరిగింది, అడుగున ఎర్రటి బురద. వడగట్టి ఆరబెట్టినాం. అది ఇప్పుడు ల్యాబ్‌లో హార్లిక్స్ సీసాలో ఉంది, ఈ ఏడు కొలిమిలోకి అదే పోతుంది.